షరతులతో కూడిన సమ్మతి: మైసూరు సంధిపత్రము మొదలు తెలుగుబడి గుర్తింపు వరకు

కొన్ని సంవత్సరముల కొకసారి మా పాఠశాలకు ప్రభుత్వ కార్యాలయమునుండి ఒక ఉత్తరువు వచ్చును. మొదటి పంక్తిలో గుర్తింపు కొనసాగింపబడినదని యుండును. రెండవ పంక్తి ‘ఈ దిగువ షరతులకు లోబడి’ అని ప్రారంభమగును. తరువాత ఒక పుట నిండ షరతులు. మా ప్రధానోపాధ్యాయులు మొదటి పంక్తి చదివి ఉపాధ్యాయుల గదిలో అందరికిని శుభవార్త చెప్పుదురు. నేను రెండవ పంక్తినుండి చదువ నారంభింతును. ఇది నా స్వభావ దోషము కావచ్చును. కాని బెంగుళూరు నగరములో ఇరువది యేండ్లుగా తెలుగు బోధించుచున్న నాకు ఒక సంశయము చాల కాలముగా ఉన్నది. షరతు పెట్టి ఇచ్చిన సమ్మతి నిజముగా సమ్మతియేనా? ఇచ్చినవాడు దేనిని ఇచ్చినట్లు, దేనిని తన చేత ఉంచుకొన్నట్లు? ఈ ప్రశ్నకు సమాధానము న్యాయశాస్త్ర గ్రంథములలోకంటె ఈ నగర చరిత్రలోనే తేటగా కనబడునని నాకు తోచి ఈ వ్యాసము వ్రాయ సాహసించితిని.

ముందుగా మాటలను గూర్చి కొంత చెప్పవలెను. ‘షరతు’ అరబ్బీ పదము. కచేరీ భాషద్వారా మనకు వచ్చినది. ‘మంజూరు’, ‘కరారు’, ‘సనదు’, ‘కౌలు’ ఈ త్రోవనే వచ్చినవి. వీనిలో కౌలు అను మాట చాల విలువైనది. కౌలు ఇచ్చువాడు తన షరతులు వ్రాసి యిచ్చును; పుచ్చుకొనువాడు ‘ఈ షరతులకు ఒడబడితిని’ అని ముచ్చలిక వ్రాసి యిచ్చును. 1802లో చెన్నపట్నపు ప్రభుత్వము శాశ్వత పైసలా చట్టము చేసినప్పుడును ఇదే పద్ధతి. సర్కారు జమీందారునకు సనదు ఇచ్చెను. జమీందారు సర్కారునకు కబూలియతు ఇచ్చెను. పేష్కషు వేళకు చెల్లింపకున్న జమీందారీ వేలమునకు వచ్చును. షరతు కఠినమే. అయినను కాగితములు రెండు. పుచ్చుకొన్నవాని చేతిలో కూడ ఒక కాగితము ఉండెడిది. సర్కారు పేష్కషు పెంచ దలచినచో అతడు ఆ కాగితము చూపి అడుగగలడు. మా బడికి వచ్చు ఉత్తరువు ఒంటి కాగితము. ఈ భేదమును చదువరులు మనస్సునందుంచుకొన ప్రార్థన. మున్ముందు దీనితో పని యున్నది.

ఇక చట్టము మాట. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ఏడవ సెక్షను ప్రకారము అంగీకారము సంపూర్ణముగా, నిరపేక్షముగా ఉండవలెను. ‘నీ ఇల్లు కొందును, కాని పెరటిగోడ నీవు కట్టించి యీయవలెను’ అన్నచో అది అంగీకారము కాదు, క్రొత్త ప్రతిపాదనము. అనగా సమానులైన ఇద్దరి మధ్య షరతుతో కూడిన అంగీకారమునకు చట్టము విలువ నీయదు. ప్రభుత్వమునకును ప్రజకును మధ్య వచ్చుసరికి అదియే ఉత్తరువగును! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఇంకొక సూక్ష్మమును చెప్పుచున్నది. షరతులు రెండు విధములు. హక్కు చేతికి రాకముందు నెరవేర్పవలసినది పూర్వనియమము. హక్కు వచ్చిన పిమ్మట తప్పినచో దానిని ఊడబెరుకునది ఉత్తరనియమము. పూర్వనియమము చాలవరకు నెరవేరిన చాలునని ఇరువదియారవ సెక్షను. ఇచ్చినదానిని మరలించు షరతు మాత్రము అక్షరాల, ఖచ్చితముగా జరిగిననే చెల్లునని ఇరువదితొమ్మిదవ సెక్షను. ఇచ్చునప్పుడు ఉదారముగాను, లాగికొనునప్పుడు జంకుతోను ప్రవర్తింపుమని చట్టము భావమని నేను గ్రహించితిని.

ఈ రెండవ సూత్రమును మైసూరు చరిత్రకు అన్వయించి చూడుడు. చట్టము వచ్చుటకు ఏబదియేండ్లకు పూర్వపు కథ కాబట్టి న్యాయవాదులు ఒప్పుకొనకపోవచ్చును. అయినను ధర్మము ధర్మమే.

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. కంపెనీవారు ఒడెయరు వంశపు బాలుడైన మూడవ కృష్ణరాజునకు రాజ్యము నిచ్చిరి. అప్పటి కతని వయస్సు అయిదేండ్లు. ఆ యేడు జూలై నెలలో జరిగిన సంధి ప్రకారము మైసూరు ఏటేట ఏడు లక్షల నక్షత్ర వరహాలు సైన్యవ్యయము క్రింద కంపెనీకి చెల్లింపవలెను. నాలుగవ షరతు ముఖ్యమైనది. ఆ సొమ్ము అందదేమోయని అనుమానింపదగిన కారణ మేర్పడినచో, రాజ్యములో కావలసినంత భాగమును కంపెనీ తన పరిపాలనక్రిందికి తీసికొనవచ్చును. అనగా షరతు సొమ్మును గూర్చినది. ఎంత సొమ్మునకు ముప్పు వచ్చునో అంతమేరకు భూమి. ఇదియే దాని యక్షరార్థము.

1830-31లో నగర ప్రాంతమున రైతులు తిరుగబడిరి. పన్నుల బాధ, అధికారుల దోపిడి కారణములు. 1831లో గవర్నరు జనరలు బెంటింకు ఆ సంధిషరతును ఎత్తిచూపి, భాగమును కాదు, రాజ్యమంతయు కంపెనీ పరిపాలనక్రిందికి తెచ్చెను. కమిషనరుల కచేరీ బెంగుళూరునకు వచ్చెను. 1834 మొదలు 1861 వరకు మార్కు కబ్బను ఇక్కడనుండియే మైసూరు నేలెను. మనము సాయంకాలము షికారు పోవు ఉద్యానవనమున కతని పేరే వచ్చినది.

మరి షరతు నిజముగా తప్పెనా? ఈ ప్రశ్న వేసినవాడు మైసూరు రాజు మాత్రమే కాదు. సాక్షాత్తు బెంటింకే 1834లో వ్రాసిన అభిప్రాయపత్రమున, సంధి అనుమతించినది సొమ్మును కాపాడుకొనుటకు జరుగు స్వాధీనమును మాత్రమేయనియు, తాను చేసినది దుష్పరిపాలన కారణముగా జరిగినదనియు, సొమ్మునకు తక్షణపు ముప్పు కనబడుటలేదనియు ఒప్పుకొనెను! తప్పు గ్రహించినవాడు పదవిలో నుండియు దిద్దలేకపోయెను. కొంతభాగము నైనను తిరిగి యీయవలెనను అతని సూచనను ఇంగ్లండులోని అధికారులు అంగీకరింపలేదు. ఒక్క షరతును వెడల్పుగా చదివినందున ఏబది సంవత్సరములు ఒక రాజ్యము పరుల చేత నుండెను. కమిషనరుల పాలనలో రహదారులు వచ్చినవి, రైలు వచ్చినది, బడులు వచ్చినవి, వానిని కాదనను. ఆ మేలు వేరు, షరతు అర్థము వేరు.

ముమ్మడి కృష్ణరాజు తన జీవితమంతయు విన్నపములు వ్రాయుటలోనే గడపెను. 1865లో చామరాజేంద్రుని దత్తు తీసికొన్నప్పుడు కలకత్తా ప్రభుత్వము మొదట గుర్తింపలేదు. 1867లో లండనునుండి అనుకూలమైన ఉత్తరువు వచ్చెను. మరుసటి యేడు రాజు స్వర్గస్థుడయ్యెను. చామరాజేంద్రుడు పెద్దవాడైన పిదప, 1876-78 నాటి దారుణ క్షామము దేశమును పీల్చివేసిన పిదప, 1881 మార్చి 25వ తేదీన రాజ్యము తిరిగి ఒడెయరులకు వచ్చెను. చరిత్రకారులు దానిని పునఃప్రదానమందురు.

ఆ పునఃప్రదాన పత్రమును చదివినవారికి మా బడి ఉత్తరువు జ్ఞప్తికి వచ్చి తీరును. ఏటి కప్పము ఇరువదినాలుగున్నర లక్షల రూపాయలనుండి ముప్పదియైదు లక్షలకు పెరిగెను. క్షామమును బట్టి ఆ హెచ్చింపు మాత్రము కొన్నియేండ్లు వాయిదా పడెను. క్రొత్త కోటలు కట్టరాదు. నాణెములు ముద్రింపరాదు. అమలులోనున్న చట్టములను గవర్నరు జనరలు సమ్మతి లేక మార్చరాదు. పరిపాలనాపద్ధతిలో ముఖ్యమైన మార్పు చేయరాదు. సలహా ఇచ్చినచో పాటింపవలెను. షరతు తప్పినచో రాజ్యమును తిరిగి తీసికొనవచ్చును. బెంగుళూరులో దండు ప్రాంతమును ప్రభుత్వమువారు తమ క్రిందనే యుంచుకొనిరి. మన పూర్వులలో పెక్కుమంది చెన్నపట్నపు పటాలములవెంట వచ్చి కాపురములు పెట్టినది ఆ దండు ప్రాంతముననే. వారు 1947 జూలై వరకు మైసూరు మహారాజు ప్రజలు కారు. నాలుగు వీధులు దాటినచో వేరు ప్రభుత్వము.

1799 నాటిది సంధి. అసమానులమధ్య జరిగినను సంధియే. రెండు పక్షములు గలది. 1881 నాటిది సంధి కాదు, దత్తపత్రము. ఒకడిచ్చినది, ఒకడు పుచ్చుకొన్నది. కౌలు ముచ్చలికల కాలమునాటి రెండు కాగితములు ఒంటి కాగితమైనవి. మైసూరువారికి ఈ లోపము ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. ముప్పదిరెండేండ్లపాటు దేశమునకే ఆదర్శమనిపించుకొన్న పరిపాలన చేసి చూపిన తరువాత, నాలుగవ కృష్ణరాజు కాలములో 1913లో, ఆ దత్తపత్రము స్థానమున మరల ఒక సంధి వ్రాయబడెను. షరతులు చాలవరకు పాతవే. మరి మారిన దేమి? మారినది కాగితము స్వరూపము. దానికే మైసూరులో ఎంతో సంతోషించిరి. ఆ సంతోషము వృథా డాంబికమని కొంద రందురు కాని నేననను.

ఆంధ్రులకు కూడ షరతులతో కూడిన సమ్మతి క్రొత్త కాదు. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగము తరువాత 1952 డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్రమున కంగీకరించుచు చేసిన ప్రకటనలోనే మదరాసు నగరము మినహాయింపబడెను. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర తెలంగాణ నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుషుల ఒప్పందము ఏకీకరణకు తెలంగాణము ఇచ్చిన షరతుల సమ్మతియే. దానిని అమలు జరుపు యంత్రము బలహీనమయ్యెను. 1969లో మంట లేచెను. ఆ కథ అందరికిని తెలిసినదే కావున విస్తరింపను. ఆ ఒప్పందముపై చేవ్రాలు చేసినవారిలో ఒకరైన బూర్గుల రామకృష్ణారావుగారిని మాత్రము జ్ఞాపక ముంచుకొనుడు.

బడులవిషయములో షరతుల సమ్మతి 1854 నాటి వుడ్ నివేదికతో స్థిరపడినది. ప్రయివేటు పాఠశాలలకు ప్రభుత్వము సహాయద్రవ్య మిచ్చును. అందుకు మంచి లౌకికవిద్య నేర్పవలెను, స్థానికులు బాధ్యతతో నడపవలెను, ఇనస్పెక్టరు వచ్చి చూచుట కొప్పుకొనవలెను, స్వల్పముగ నైనను జీతము వసూలు చేయవలెను. ఈ షరతులు బడిని మంచి బడిగా చేయుటకు పుట్టినవి. దక్షిణదేశములోని ప్రయివేటు పాఠశాలలు పెక్కు ఈ ధర్మముననే బ్రతికినవి.

స్వాతంత్ర్యానంతరము 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక తీర్మానము చేసిరి. ప్రాథమికపాఠశాలలో అన్యభాషా బాలురు మొత్తముమీద నలుబదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఉన్నచో వారి మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. మాధ్యమికదశకు పిదప అరువది, పదునైదు అను సంఖ్యలు వచ్చినవి. 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరి మాతృభాషా బోధన కల్పింపవలసిన బాధ్యతను రాష్ట్రములపై నుంచెను. ఈ పది నలుబది లెక్కను మాత్రము ఎవరును తీసివేయలేదు. హక్కు రాజ్యాంగములో నున్నది. దానికి ముందు నిలిచిన పూర్వనియమము హాజరు పట్టీలో నున్నది.

షరతునకు హద్దేది అను ప్రశ్నను మన దేశములో మొట్టమొదట లోతుగా విచారించినది కేరళ విద్యాబిల్లు సందర్భమున. 1957లో అచ్చటి కమ్యూనిస్టు ప్రభుత్వపు విద్యామంత్రి ముండశ్శేరి ఆ బిల్లును తెచ్చెను. శాసనసభ ఆమోదించెను. అప్పుడు కేరళ గవర్నరు ఎవరు? మన బూర్గుల రామకృష్ణారావుగారే! రాజ్యాంగము రెండువందల అధికరణము ప్రకారము గవర్నరు సమ్మతి నీయవచ్చును, నిలుపవచ్చును, రాష్ట్రపతి పరిశీలనకు ఉంచవచ్చును. షరతు పెట్టి సమ్మతించు నాల్గవ మార్గము ఆ అధికరణములో లేదు. ఆయన రాష్ట్రపతికి పంపిరి. రాష్ట్రపతి సుప్రీముకోర్టు అభిప్రాయము నడిగిరి. 1958 మే 22న ప్రధానన్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్ అభిప్రాయమును వెలువరించిరి.

ప్రభుత్వవాదన ఇది: ‘అల్పసంఖ్యాకులు తమ బడులను తమ యిచ్చవచ్చినట్లు నడుపుకొనవచ్చును; మేము వలదనలేదు. మా గుర్తింపు, మా ధనము కావలెనన్నచో మాత్రము మా షరతుల కొప్పుకొనవలెను.’ వినుటకు న్యాయముగానే యున్నది. కాని గుర్తింపు లేని బడిలో చదివిన బాలుడు పరీక్షకు కూర్చుండలేడు, ఉద్యోగమునకు పోలేడు. అట్టి బడికి బిడ్డ నెవరు పంపుదురు? కావున గుర్తింపు నిచ్చుటకు వెలగా రాజ్యాంగము ప్రసాదించిన ముప్పదవ అధికరణపు హక్కునే ధారపోయు మనుట చెల్లదని న్యాయస్థానము తేల్చెను. క్రొత్తగా గుర్తింపు పొందు బడులు ప్రాథమిక తరగతులలో జీతము వసూలు చేయరాదను షరతు ఆ కారణముననే నిలువలేదు. జీతము లేక, పరిహారము లేక ఆ బడి ఊపిరి పీల్చుట యెట్లు? ఉపాధ్యాయుల నియామకమును గూర్చిన షరతులను మాత్రము, హక్కును బాగుగ తొలుచునవియే యనుచునే, సహాయము పొందు బడుల కవి చెల్లునని కోర్టు సహించెను. న్యాయమూర్తి వేంకటరామ అయ్యరు గుర్తింపు విషయమున భిన్నాభిప్రాయము తెలిపిరి. గుర్తింపు హక్కు కాదు అని వారి భావము. వారి వాదన త్రోసివేయదగినది కాదు. అయినను తెలుగుబడిలో పనిచేయువాడను నేను దాసుగారి పక్షమే వహింతును. బిల్లు సవరింపబడి 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి సమ్మతి పొందెను.

నాలుగేండ్ల తరువాత 1962లో గుజరాతులోని ఒక క్రైస్తవ ఉపాధ్యాయశిక్షణ కళాశాల వ్యాజ్యములో ఈ హద్దు ఇంకను స్పష్టమయ్యెను. నూటికి ఎనుబది స్థానములు ప్రభుత్వము పంపినవారి కీయవలెను, లేనిచో సహాయమును గుర్తింపును పోవునని అచట ఉత్తరువు. షరతు దేశప్రయోజనమునకు మంచిదైన చాలదు, ఆ విద్యాసంస్థకు మేలు చేయునదిగా ఉండవలెనని సుప్రీముకోర్టు చెప్పెను. ఇట్టి షరతు బడికి కంచె వంటిది. ఆ కంచె పైరును మేయరాదు.

ఇక మన నగరము. గోకాక్ సమితి సిఫారసులపై 1982 జూలై 20న కర్ణాటక ప్రభుత్వము కన్నడమునే ఏకైక ప్రథమభాషగా చేయు ఉత్తరువు నిచ్చెను. కన్నడిగుల ఆవేదన నిజమైనది. తమ రాజధానిలో తమ భాషకు పీట వేయుమని వారు కోరుట తప్పు కాదు. మనము వారి నీరు త్రాగి వారి నీడలో బ్రతుకుచున్నవారము. కాని తెలుగు, తమిళ, ఉర్దూ, మరాఠీ బిడ్డలు తమ భాషను ప్రథమభాషగా చదువుకొను మార్గము మూసికొనుచుండెను. భాషాల్పసంఖ్యాకుల సంఘము హైకోర్టు కెక్కెను. 1989 జనవరిలో పూర్ణధర్మాసనము ఆ నిర్బంధమును కొట్టివేసెను. ఆ హైకోర్టు కొలువున్న ఎఱ్ఱని అఠారా కచేరీ 1868లో కమిషనరుల పాలనలో కట్టినదే. ఒక సంధిషరతును అతిగా చదివి వచ్చిన ప్రభుత్వము కట్టించిన సౌధముననే షరతుల హద్దులు నిర్ణయమగుట నాకు వింతగా తోచును.

1994 ఏప్రిలులో మరియొక ఉత్తరువు వచ్చినది. ఒకటినుండి నాలుగు తరగతులవరకు బోధన మాతృభాషలో గాని కన్నడములో గాని జరుగవలెను. గుర్తింపున కిది షరతు. ఇరువది యేండ్లు వ్యాజ్యము నడిచి 2014 మే 6న సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము ఆ నిర్బంధము చెల్లదని తీర్పు చెప్పెను. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించుట తల్లిదండ్రులకే చెల్లును, బోధనభాషను ఎన్నుకొను స్వేచ్ఛయు వారిదే. నడుమ 2002లో పదునొకండుగురు న్యాయమూర్తులు భాషాల్పసంఖ్యాకులెవరో తేల్చుటకు రాష్ట్రమే ప్రమాణమనిరి. కావున రెండు రాష్ట్రములలో అధికసంఖ్యాకులమైన మనము ఇచ్చట అల్పసంఖ్యాకులమే.

2014 తీర్పు నాడు మిత్రులు నాకు అభినందనలు తెలిపిరి. నాకు పూర్తిగా సంతోషము కలుగలేదని చెప్పిన నమ్మలేదు. కొట్టివేయబడిన ఆ షరతు తెలుగునకు శత్రువు కాదు. మాతృభాషలో బోధింపుడని అది చెప్పినది; మాతృభాష తెలుగైనచో తెలుగే. షరతును తీసివేసినవారు గెలుచుకొన్న స్వేచ్ఛ ఆంగ్ల మాధ్యమము కొరకు. న్యాయము సరియైనదే, నిర్బంధించి నేర్పించిన మాతృభాష ఎన్నాళ్లు నిలుచును? కాని ఆ స్వేచ్ఛతో మనవారు చేసిన పనిని 1949 నాటి పది నలుబది లెక్కతో కలిపి చూడుడు. ప్రభుత్వము మన బడిపై పెట్టిన షరతులతో మనము న్యాయస్థానములలో పోరాడితిమి. మన బిడ్డల సంఖ్యయే నెరవేర్పవలసిన షరతును మాత్రము మనము నెరవేర్చుట లేదు. అది కొట్టివేయుటకు ఏ కోర్టు నడుగుదుము?

కడచిన జూన్ మాసమున ఒక తండ్రి బిడ్డను ఆరవ తరగతిలో చేర్ప వచ్చెను. మాట పలుకు కోలారు సీమది. చేరిక పత్రములో ప్రథమభాష గడికి ఎదుట కలము నిలిపి, ‘ఇంట్లో ఎట్లా తెలుగే గదా మాస్టారూ, బడిలో గూడా ఎందుకండీ?’ అనెను. అప్పటికి ఆ తరగతిలో తెలుగు ప్రథమభాషగా వ్రాసికొన్నవారు తొమ్మిదిమంది. ఆ మాట ఆయనతో చెప్పలేదు. చెప్పినచో అది నా షరతగును. పత్రము ఆయన చేతిలోనే యుంచి, తాగుటకు నీరు తెప్పించి, ఆ బాలుని దగ్గరకు పిలిచి వాని పేరు తెలుగులో వ్రాయగలవా యని అడిగితిని. వాడు సుద్దముక్క తీసికొని నల్లబల్లవైపు నడచెను. తండ్రి కుర్చీలో కూర్చుండి, కలము మూత పెట్టకయే, వానివైపు చూచుచుండెను.